వెంటిలేటర్లో రాగి గళ్ళు

మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే, పెయింటరు మా అమ్మాయి గది బాత్రూంలో స్టూలెక్కి వెంటిలేటరు దగ్గర ఏదో పీకాడు. అక్కణ్ణించే కేకేశాడు.

"అమ్మగారూ, ఇక్కడేదో బిళ్ళ అడ్డం పడుంది. ఇది ఉండబట్టే అద్దం మూసుకోవట్లా. పారేస్తున్నా."

వంటింట్లోంచి అక్కడికి ఎలా వచ్చానో నాకు తెలీదు. చేతిలో అట్లకాడ అలాగే ఉంది. నన్ను చూసి అతను స్టూలు మీదే గోడకి అతుక్కుపోయాడు.

"ఎక్కడ తీశావో అక్కడే పెట్టు."

"బంగారమా అమ్మగారూ?"

"రాగి. పెట్టు."

"మరి అద్దం మూసుకోదండీ. బల్లులొస్తాయి."

"రానీ. బల్లులకి కూడా గాలి కావాలి."

అతను పెట్టాడు. పెట్టేముందు అతని చేతిలోంచి తీసుకుని ఒకసారి చూశాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పలక. మీద రాగి గళ్ళు, ఒక్కొక్కటి పెసరగింజంత. వరసలు వరసలుగా ఉన్నాయి, గడికీ గడికీ మధ్య వెంట్రుకలాంటి రాగి గీత. ఆవిరికి రాగి నల్లబడింది. ఒక మూల పచ్చ చిలుం కూడా పట్టింది.

ఆ బిళ్ళ చేసినావిడ పోయి ఏడాది దాటింది. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా లేచొచ్చి "బిళ్ళ గురించి కదండీ రాస్తున్నారు, నా పేరెందుకు మధ్యలో" అంటుంది. మా భవానీపురం అపార్టుమెంట్లో అందరూ ఆవిణ్ణి ఎదురుగా మేడం అనేవాళ్ళు, వెనకాల యాంటెనా మేడం అనేవాళ్ళు. నేను ఎదురుగానే యాంటెనా మేడం అన్నాను, మొదటి వారంలోనే. ఆవిడ కాసేపు ఆలోచించి, "కరెక్టేనండీ" అంది. నా జన్మలో నా వెక్కిరింతని అలా పరీక్షించి పాసు చేసినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేది. మా పై అంతస్తులో ఒక్కతే ఉండేది. తొంభైల చివర్లో ఆ ఫ్లాటులోకి వచ్చేనాటికి మా వీధిలో సెల్‌ఫోనున్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. వాళ్ళు కూడా మాట వినపడాలంటే డాబా ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడి, ఊరంతా వినేట్టు "హలో" అనాల్సొచ్చేది. అలాంటి రోజుల్లో ఆవిడ, ఎప్పుడో రాబోయే సెల్‌ఫోన్లకి యాంటెనాలు గీస్తూ ఉండేది. పీహెచ్‌డీ అదే.

"ఇప్పుడు ఫోన్లో మాటొస్తోంది. రేపు బొమ్మలొస్తాయి, సినిమాలకి సినిమాలే వస్తాయి. అప్పుడీ దారి చాలదండీ. వెడల్పు దారి కావాలి. అంత వెడల్పు ఎక్కడ దొరుకుతుందంటే, అల బాగా చిన్నదైతేనే దొరుకుతుంది. మిల్లీమీటర్లలోకి దిగాలి."

"ముందు మాట సరిగ్గా వినపడనివ్వండి."

"అది వేరేవాళ్ళ పనండీ," అనేది, ఏమాత్రం నొచ్చుకోకుండా.

గీసినవి బాల్కనీలో తనే తయారుచేసుకునేది. రాగిరేకు అతికించిన పలకని, రాగిని తినేసే గోధుమరంగు మందునీళ్ళలో ముంచి, ప్లాస్టిక్ టబ్బుని ఊయల ఊపినట్టు ఊపేది. ఆ నీళ్ళు పడి ఆవిడ చీరలన్నిటికీ కుచ్చిళ్ళ దగ్గర తుప్పుమరకలు. మా కింద వాటావాళ్ళు కిళ్ళీ అలవాటేమో అనుకున్నారు కొన్నాళ్ళు. ఎండాక భూతద్దం పెట్టి చూసేది, స్టీలు స్కేలు ఆనించి చూసేది. గీత వెంట్రుకవాసి పక్కకి పోయినా ఆ పలక పనికిరానట్టే. పనికిరానివి బిస్కెట్ల డబ్బాలో పడేసేది. డబ్బాలు నిండుతూ ఉండేవి.

ఆ స్టీలు స్కేలు ఎప్పుడూ హ్యాండుబ్యాగులోనే ఉండేది. చర్చికి వెళ్ళేటప్పుడు కూడా. బైబిలు, స్కేలు, రుమాలు.

అసలు ఆవిడ అలవాటు చెప్పాలంటే కుడిచేతి చూపుడువేలి గోరు. ఎక్కడ కూర్చున్నా ఆ గోరు ఏదో ఒకదాని అంచు వెంబడి పోతుండేది. టీపాయ్ అంచు, టిఫిను డబ్బా మూత, బస్సు కిటికీ రబ్బరు. మాటలు మనతో, గోరు మాత్రం తన దారిన తను. ఒకచోట ఆగేది. ఆగిందంటే అక్కడ సందు ఉందన్నమాట.

"సందు కనపడితే మీకేమవుతుంది?" అని అడిగాను ఒకసారి.

"భయమేస్తుందండీ."

"సందుకి భయమేంటి?"

"మా వాటిల్లో రేకు మధ్య సందుంటే ఆ సందే యాంటెనా అయిపోతుంది. మనం పెట్టిన యాంటెనా ఒకటి, మనం పెట్టనిది ఇంకోటి. ఈ చిన్న అలలకి గోరంత సందు చాలు. మొత్తం లెక్క చెడిపోతుంది. వారాల తరబడి ఎక్కడ చెడిందో తెలీదు."

ఇంతకీ అన్ని గళ్ళెందుకు, ఒక్కటి చాలదా అని వాదించాను. తెలియని విషయం మీద వాదించడం నాకు చిన్నప్పట్నించీ ఉంది, డిగ్రీలో దానికి బహుమతులు కూడా ఇచ్చారు. ఆవిడ తల్లిది చల్లపల్లి దగ్గరి పల్లె. ఊడుపులకి వెళ్ళేదట.

"మా అమ్మావాళ్ళు వరసగా వంగి నాట్లేస్తూ వెనక్కి నడుస్తారు కదండీ. అందరూ ఒకేసారి అడుగు తీస్తే వరస తిన్నగా పోతుంది. ఈ చివరావిడ ఒక్క పిసరు ఆలస్యం, ఆ పక్కావిడ ఇంకో పిసరు, ఆ పక్కావిడ ఇంకాస్త. అప్పుడు వరస మొత్తం ఒక పక్కకి తిరుగుతుంది. ఎవరూ తిప్పలేదు, తిరిగింది. ఈ గళ్ళు కూడా అంతే. ఒక్కో గడికి మాట కొంచెం ఆలస్యంగా అందిస్తే చాలు, అల ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పలక కదలక్కర్లేదు."

నాకు అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆవిడతో ఇంకో చిక్కు ఉండేది. అడిగినదానికి జవాబు చెప్పేది. అడిగినదానికే చెప్పేది. మా అపార్టుమెంటు సెక్రటరీ ఒకరోజు కూరల సంచులతో వచ్చి "మేడంగారూ, లిఫ్టు పనిచేస్తోందా?" అన్నాడు. "చేస్తోందండీ" అంది మెట్ల మీంచి దిగుతూ. ఆయన ఎక్కాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నాడు. అందరం కలిసి బయటికి లాగాక ఆయన గుండె పట్టుకుని, "పనిచేస్తోందన్నారు కదండీ" అంటే, ఆవిడ "పైకీ కిందకీ కదులుతోందండీ. తలుపు దగ్గర సరిగ్గా ఆగడం లేదు. ఆగుతోందా అని మీరడగలేదు," అంది. వెటకారం కాదు. నిజంగా బాధపడుతూ చెప్పింది. మేమంతా నెలల తరబడి నవ్వుకున్నాం. ఇప్పుడా సంగతి గుర్తొస్తే నాకు నవ్వు రాదు.

టవరు రెండువేల సంవత్సరం దాటాక వచ్చింది, ఒక దసరా వెళ్ళాక. మా పక్క బిల్డింగు డాబా మీద. అపార్టుమెంటులో ఒకరికీ చెప్పకుండా క్రేను తెచ్చి రెండ్రోజుల్లో నిలబెట్టేశారు. దాని మీద తెల్ల పెట్టెలు, నిలువుగా, మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డట్టు. అందులో ఒకటి తిన్నగా మా అమ్మాయి సుధ గదికేసి చూస్తూ. కరెంటు పోతే కింద జనరేటరు గుర్రుమనేది. చీకటి పడితే పైన ఎర్రదీపం. సుధ అప్పుడు పదో తరగతి. మా ఆయన బందరులో ఉద్యోగం, శనాదివారాలు వస్తే వచ్చినట్టు. ఇంట్లో మేమిద్దరమే.

టవరు వచ్చిన నెలలోపే పిల్లకి తలనొప్పులు మొదలయ్యాయి.

ఊరికే తలనొప్పి కాదు. కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, సోఫాలో పడిపోయి "అమ్మా, లైటు తియ్యి" అనడం. సాయంత్రానికి తగ్గిపోయేది. కళ్ళడాక్టరు అద్దాలిచ్చాడు. తగ్గలేదు. ఇంకో డాక్టరు చదువు ఒత్తిడి అన్నాడు. మా పిల్లకి చదువు ఒత్తిడి ఉంటే నేను సంతోషించేదాన్ని. అప్పటికే పేపర్లలో టవర్ల గురించి రకరకాలుగా రాస్తున్నారు. పిచ్చుకలు పోతున్నాయనేవాళ్ళు ఒకళ్ళు, పిల్లల మెదడుకి దెబ్బ అనేవాళ్ళు ఒకళ్ళు. నేను బట్టలు ఆరేసుకోవడానికి డాబా ఎక్కినప్పుడల్లా ఆ తెల్లపెట్టె నన్ను చూసేది. నేను మనిషికి భయపడను. ఏదన్నా అనగలను కాబట్టి. దీన్నేమంటాను? కనపడదు, వినపడదు, వాసన రాదు. గోడలోంచి వచ్చి నా పిల్ల తలలోంచి పోతుంది. పడుకున్న పిల్ల దగ్గర కూర్చుని తలకీ కిటికీకీ మధ్య నా చెయ్యి అడ్డం పెట్టిన రోజులున్నాయి. చెయ్యి అడ్డమా దానికి?

మీటింగు పెట్టించాను. మా సెల్లార్లో, కుర్చీలేసుకుని. పక్క బిల్డింగు ఓనరు కూడా వచ్చాడు, తనకేమీ సంబంధం లేనట్టు. యాంటెనా మేడంని నేనే బలవంతాన దించుకొచ్చాను. మా పక్షాన మాట్లాడుతుందని.

"మేడం, మీరు చెప్పండి. ఇది ప్రమాదమా కాదా?" అన్నాను, అందరూ వినేట్టు.

"కొలవకుండా చెప్పనండీ."

"ఇన్నేళ్ళు చదివారు కదా."

"చదివాను కాబట్టే."

పక్క బిల్డింగు ఓనరు నవ్వాడు. నేను ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. మీటింగు అక్కడితో అయిపోయింది.

మర్నాడు ఆవిడే మా ఇంటికొచ్చింది. చేతిలో ఒక రేకు గరాటు, దానికి ముల్లున్న చిన్న మీటరు. ఆవిడ సొంతంగా కూర్చుకున్నది. సుధ గదిలో మంచం మీద, బల్ల మీద, బాత్రూంలో, నెమ్మదిగా గరాటు తిప్పుతూ చూసింది. కిటికీ దగ్గర ముల్లు కదిలింది. బాత్రూం వెంటిలేటరు దగ్గర కూడా కదిలింది. నేను ముల్లు మీదకి వంగాను.

"ఉంది కదా?"

"ఉంది."

"ఎంతుంది?"

"తక్కువేనండీ. దీనికి తలనొప్పి వస్తుందనుకోను."

"రాదని ఒట్టేస్తారా?"

ఆవిడ గోరు బల్ల అంచు మీద రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "ఒట్టు వెయ్యలేను."

సుధ మంచం మీంచి, "ఆంటీ, మా అమ్మతో ఒట్లు పెట్టుకోకండి. కోర్టుకెళ్తుంది," అంది.

నేను నవ్వలేదు. "దీన్ని ఆపొచ్చా? గదిలోకి రాకుండా?"

"ఆపొచ్చండీ," అంది. అడిగాను, చెప్పింది.

ఆపింది కూడా. ఒక శనివారం అల్యూమినియం రేకులు, రాగి టేపు చుట్టలు తెచ్చింది. ఇద్దరం కలిసి చేశాం. నేను స్టూలు పట్టుకున్నాను, ఆవిడ ఎక్కింది. కిటికీ అద్దాల మీద రేకు, బాత్రూం వెంటిలేటరు మీద రేకు. రేకు అంచులన్నీ రాగి టేపుతో అంటించి, ఆ గోటితో నొక్కుకుంటూ పోయింది, చపాతీ అంచులు నొక్కినంత ఓపిగ్గా. గోరు ఆగినచోట మళ్ళీ టేపు. గది తలుపు అంచుకి కూడా స్పాంజి పట్టీ పెట్టింది. మధ్యమధ్యలో దిగి మీటరు చూడటం, మళ్ళీ ఎక్కడం. నేను "చాల్లెండి, ఇంకెంత" అంటే, "సందుంటే అదే యాంటెనా అయిపోతుందండీ," అంది. మూడోసారి దిగి చూస్తే ముల్లు చచ్చినట్టు పడుకుంది.

ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. పళ్ళన్నీ కనపడేట్టు, చిన్నపిల్లలా. నాకు ఏడుపొచ్చింది. కాఫీ పెట్టాను. వెండిరంగు గదిలో కూర్చుని తాగాం. సుధ "నన్ను డబ్బాలో పెట్టి ఆవకాయలా మూత బిగించారు" అని గొణిగింది. ఆ మాట ఇద్దరం విన్నాం. ఇద్దరం నవ్వాం.

ఆ బాత్రూంలో గోడకి గ్యాస్ గీజరు ఉంది. కరెంటు కోతలకి విసిగి ఆ దసరాకే కొన్నాం. టవరు వచ్చిన నెలే అదీ వచ్చింది. స్టూలు మీద నిలబడ్డ ఆవిడ మోచెయ్యి దానికి తగులుతూనే ఉంది. "ఇది కొంచెం పక్కకి జరిపితే బాగుణ్ణు" అని కూడా అంది. జరగదన్నాను. అంతే.

మర్నాడు ఆదివారం. మా ఇంట్లో ఆదివారమంటే తలంట్లు. పొద్దున్నే సుధ నెత్తిన నూనె పెట్టి, నానబెట్టిన కుంకుడుకాయల రసం గిన్నెలో పోసిచ్చి, బాత్రూంలోకి తోలాను. వెళ్ళింది. గీజరు భగ్గుమని అంటుకున్న చప్పుడు విన్నాను. నీళ్ళ చప్పుడు. నేను పప్పు కుక్కర్లో పడేసి, కూర తరుక్కుంటున్నాను. మామూలుగా అయితే మా పిల్ల బాత్రూంలో సినిమా పాటలు పాడుతుంది, అరకొరగా. ఆ రోజు కూడా మొదలుపెట్టింది. కుక్కరు కూత వేసింది. కూత ఆగాక పాట లేదు. నీళ్ళ చప్పుడు మాత్రం ఉంది, ఒకే తీరుగా. మనిషి కింద పడే నీళ్ళు ఆగుతూ, చెదురుతూ పడతాయి. ఇవి తిన్నగా పడుతున్నాయి.

"సుధా."

లేదు.

"సుధా, ఆటలొద్దు."

తలుపు బాదాను. పేరు పెట్టి పిలిచాను, తిట్టాను, బతిమాలాను. ఆ కొద్దిసేపట్లో నేను అన్న మాటలు ఏ భాషో నాకు తెలీదు. లోపల గడియ. తలుపు పాతకాలపు టేకుది, భుజంతో గుద్దితే నా భుజమే పోయింది. సందు కోసం చూశాను. గదంతా మేమే మూసేశాం కదా.

అదే టైముకి బెల్లు మోగింది. ఆవిడ. చర్చినించి తిన్నగా వచ్చింది, తెల్లచీర, హ్యాండుబ్యాగు, చేతిలో మీటరు. ముల్లు ఇంకా పడుకునే ఉందా, టేపు ఊడిందా చూద్దామని. నా మొహం చూసి లోపలికి నడిచింది. బాత్రూం తలుపు ముందు నిలబడి చెయ్యి చాపింది. ఆ గోరు తలుపుకీ చట్రానికీ మధ్య పైనించి కిందికి పోయింది. నేను "ఏం చేస్తున్నారండీ, పగలగొట్టండి" అని అరుస్తున్నాను. గోరు నడుం ఎత్తున ఆగింది. బాత్రూం తలుపు గది లోపలిది కాబట్టి ఆ ఒక్క సందు మూయకుండా మిగిలింది. బ్యాగులోంచి స్టీలు స్కేలు తీసింది, దూర్చింది, కింద నించి పైకి లేపింది. లోపల కొక్కెం గడియ లేచి పడిన చప్పుడు విన్నాను.

పిల్ల గోడకి చేరబడి కూలిపోయి ఉంది. నెత్తి మీద కుంకుడు నురగ ఇంకా ఉంది. మొహం పాలిపోలేదు, అదే భయం. గులాబీరంగులో ఉంది, ఎండలో ఆడివచ్చినట్టు. గీజరులో మంట పచ్చగా ఊగుతోంది. నేను పిల్ల చంకల కింద చేతులు పెట్టి ఈడుస్తుంటే, ఆవిడ గీజరు ఆపి, వెంటిలేటరు మీది రేకుని రెండు చేతులతో పీకుతోంది. అంత గట్టిగా అంటించింది తనే కదా, రావట్లేదు. గోళ్ళతో పీకింది. వచ్చింది. తర్వాత ఆసుపత్రిలో నర్సు ఆవిడ వేళ్ళకి కట్టు కట్టింది. ఆ చూపుడువేలి గోరు మళ్ళీ తిన్నగా పెరగలేదు.

సుధ బతికింది. ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళని బెదిరించి నాకొచ్చేదేమీ లేదు. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి "నా జుట్టు జిడ్డుగా ఉందే" అంది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టుకుని. కానీ పొద్దున్నించి మధ్యాహ్నం దాకా డాక్టర్లు ఏమీ తేల్చలేదు. బతుకుతుందో లేదో, బతికినా మనిషిని గుర్తుపడుతుందో లేదో చూడాలన్నారు. ఒక కుర్రడాక్టరు మాత్రం, "గ్యాసు గీజరుందా? గదికి గాలి ఎక్కణ్ణించి వస్తుంది?" అని అడిగాడు. నేను చెప్పాను. మూసిన గదిలో గ్యాసు మండితే వాసన లేని విషవాయువు పుడుతుందన్నాడు. అతను నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ దులుపుకోలేకపోయాను. నెలల తరబడి వచ్చిన తలనొప్పులన్నీ ఆదివారాలే వచ్చాయని అప్పుడు తట్టింది. టవరుకి ఆదివారమేంటి, సోమవారమేంటి? తలంటు రోజే గీజరు అంతసేపు మండేది. మా చిన్న వెంటిలేటరులోంచి వచ్చే గాలి అప్పటికే దానికి చాలడంలేదు. ఉన్న ఆ కాస్తా మేం మూశాం.

ఆ ఆసుపత్రి వరండాలో బల్ల మీద మేమిద్దరం. ఆవిడ చేతుల కట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాతో కాదు, ఎదుటి గోడతో అన్నట్టు అంది.

"జాలీ సరిపోయేదండీ."

"ఏం జాలీ?"

"ఇనప జాలీ. దోమలకి కొడతారే, అది. ఆ టవరు అల అడుగు పొడవుంటుంది. దానికి జాలీ అడ్డం పెట్టినా రేకుతో సమానమే. గాలి ఆడేది." కట్లకేసి చూసుకుంటూ, "గోరంత సందు లెక్కలోకి వచ్చేది నా అలలకి. ఆ టవరుకి కాదు. నాకు తెలుసు. పాఠం చెప్తాను. చేతులు మాత్రం రోజూ మూసినట్టే మూసేశాయి."

నాకు కోపం రావాలి. వచ్చింది, కానీ ఆవిడ మీద నిలబడలేదు. "మిమ్మల్ని ఆపమన్నది నేను. గీజరు నాది, బాత్రూం నాది, పిల్ల నాది. మధ్యలో మీరెవరు అంతా మీద వేసుకోడానికి?" అని తగువేసుకున్నాను. ఆసుపత్రి వరండాలో, తప్పు నాదంటే నాదని ఇద్దరాడవాళ్ళు వాదించుకుంటుంటే పక్క బల్ల మీద ముసలాయన జరిగి కూర్చున్నాడు.

"మీరు ఆపొచ్చా అన్నారు. ఆపొచ్చన్నాను," అంది చివరికి. "గదిలో ఇంకేముందని నేనడగాలి కదండీ. లిఫ్టు గురించి అందరూ నవ్వారు. నాకు ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు."

ఆ తర్వాత ఆవిడ మారిపోయింది. బాగుపడిందని అనను, భయపడిపోయిందంటాను. ఎవరేమడిగినా "ఎందుకండీ?" అనేది ముందు. "టైమెంతయింది మేడం" అంటే "ఎందుకు, ఎక్కడికెళ్ళాలి?" సెక్రటరీ ఫ్యూజు సంగతి అడిగితే మూడంతస్తులు దిగొచ్చి చూసేది. తన ఫ్లాటు తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసేది కాదు, చెప్పు అడ్డం పెట్టేది. దొంగలొస్తారని వాచ్‌మన్ మొత్తుకుంటే, "రానివ్వండి, గాలి కూడా వస్తుంది," అనేది. పరిశోధన మానలేదు. పలకలు చేస్తూనే ఉంది, సందులు మూస్తూనే ఉంది. కానీ టేపు అంటించే ముందు చుట్టూ చూసేది, గదిలో ఊపిరి తీసేవాళ్ళు ఎవరున్నారో చూసుకున్నట్టు.

మా కిటికీలకి జాలీలు తనే కొట్టించింది. గీజరు తీసి బాల్కనీలో పెట్టించింది, గొట్టంతో నీళ్ళు లోపలికి. అయినా నమ్మకం లేదు. వెంటిలేటరు అద్దం ఎవరన్నా చూసుకోకుండా మూసేస్తారని, బిస్కెట్ల డబ్బాలోంచి ఒక పలక తెచ్చి సందులో గట్టిగా దోపింది.

"పనికిరానిదా?" అన్నాను.

"ఒక గీత పక్కకి పోయిందండీ. నెల రోజుల పని. ఇక్కడ పనికొస్తుంది."

ఆదివారం చర్చి అవగానే మా బెల్లు మోగేది. లోపలికి వచ్చి కూర్చునేది కాదు. గుమ్మంలో నిలబడి, "సుధ స్నానమయిందా?" అనేది. కాకపోతే అయ్యేదాకా నిలబడేది. మా పిల్ల జుట్టు తుడుచుకుంటూ వచ్చి, "బతికే ఉన్నానాంటీ, ఇదిగో, సంతకం పెట్టమంటారా" అనేది. "అక్కర్లేదమ్మా" అని మెట్లెక్కేది. గుణదల తిరునాళ్ళ రోజు కూడా, ఆ జనంలోంచి, ఆ ఎండలోంచి, కొండ దిగి ముందు మా ఇంటికే వచ్చింది. ఆ రోజు ఆదివారం కాదని నేను చెప్తే, "తలంటు మార్చుకుంటారేమోనని" అంది. నేను చాలా వాదించాను ఆవిడతో, ఏళ్ళ తరబడి, ఇక భయపడక్కర్లేదని. వాదిస్తూనే ఆదివారం బెల్లు మోగేదాకా నా చెవులు బాత్రూంవైపే ఉండేవి. ఆ బెల్లు మోగాక నాకు ఊపిరాడేది. ఇది ఆవిడకి చెప్పలేదు, చెప్తే సోమవారం కూడా వచ్చేది.

తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఆదివారాలు ఫోను చేసేది. సుధ చదువుకి వెళ్ళిపోయాక అదీ తగ్గింది. పోయినట్టు సెక్రటరీ ద్వారా తెలిసింది, ఏదో జబ్బన్నారు. టవరు వచ్చి ఏడేళ్ళు దాటింది, ఆవిడ చెప్పిన సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. నా ఫోనులో ఇప్పటికీ మాటే సరిగ్గా రాదు. వస్తాయేమో. ఆ పెసరగింజల గళ్ళలోంచి ఎవరి పిల్లలో సినిమాలు చూస్తారేమో. అప్పటిదాకా నాకు తెలిసి పనిచేస్తున్న ఆవిడ యాంటెనా మా బాత్రూంలో ఉన్నదొక్కటే.

పెయింటరు సాయంత్రం పని ముగించి చేతులు కడుక్కుంటూ, "పెట్టేశానమ్మగారూ మీ బిళ్ళ. రంగు కూడా అంటకుండా చూశా" అన్నాడు. అతను వెళ్ళాక సుధ ఫోను చేసింది. హాస్టలు వదిలి స్నేహితులతో కలిసి గది తీసుకుందట.

"ఎలా ఉందని అడగవేం?" అంది.

"బాత్రూంకి వెంటిలేటరుందా?"

"అమ్మా, ఆంటీ నీలో దూరిందే."

"ఉందా లేదా?"

"ఉంది. తెరిచే ఉంది. పావురాలొస్తున్నాయి."

ఫోను పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళాను. కొత్త రంగు వాసన. స్టూలెక్కి, వెంటిలేటరు చట్రం చుట్టూ గోరు ఆనించి పోనిచ్చాను, ఆవిడ చేసినట్టే. రంగు కింద నున్నగా ఉంది. బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి గోరు ఆగింది. వేలు దూర్చి చూశాను. దూరింది. అవతలనించి గాలి తగిలింది.